తిరగేసిన బిళ్ళ

మేడ మీద గది, కాలేజీ వెనక వీధి
వానలు మొదలైన వారం

డిపో దొరగారికి,

ఫోన్లో మనిద్దరం ‘తిన్నారా?’, ‘తిన్నాను, నువ్వు?’ దాటి ఒక్క అడుగు ముందుకు వేయం. ఆ తర్వాత అటు మీరు ఊపిరి పీల్చుకోవడం, ఇటు నేను పీల్చుకోవడం, మధ్యలో పక్కింట్లో మీ చెల్లెలి టీవీ. అందుకే నిన్న ఫోన్ పెట్టేశాక ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ ఏడాదంతా మనకు ఉత్తరాలే. జ్వరం వస్తేనో, గ్యాస్ బండ అయిపోతేనో ఫోన్ చేయండి. మిగతావన్నీ కూర్చుని రాయండి. నోటితో బెల్లం కొట్టిన రాయిలా ఉంటారు కదా, చేత్తో అయినా పలుకుతారేమో చూద్దాం.

నిన్న మొదటి క్లాసు. నా పాఠం పేరు ‘సంస్థల్లో మార్పు’. వచ్చినవాళ్ళెవరూ పిల్లలు కాదు. ఒక బ్యాంకు క్యాషియరు, ఒక పెద్ద నర్సు, నీటి సరఫరా ఇంజనీరు, ఇంకా అలాంటివాళ్ళే. అందరూ కింద పదిమందిని పెట్టుకుని పని చేయించేవాళ్ళు. ‘నువ్వు మాకు నేర్పేదేమిటమ్మా’ అన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నారు. అదే పట్టుకున్నాను. అలాగే ఉండి ఏ చెయ్యి పైన ఉందో చూసుకోమన్నాను. ఇప్పుడు విప్పి, రెండో చెయ్యి పైకి వచ్చేలా కట్టుకోమన్నాను. అంతే, క్లాసంతా గందరగోళం. ఇంజనీరుగారు రెండుసార్లు ప్రయత్నించి, ఎవరి చొక్కానో తొడుక్కున్నవాడిలా ముఖం పెట్టారు. నవ్వులన్నీ అయ్యాక చెప్పాను, ఇది ఒక్క చెయ్యి మార్చడమేనని, రేపు మీరు మీ కిందివాళ్ళను ఆఫీసే మార్చుకోమంటారని. అప్పుడు అందరూ పుస్తకాలు తెరిచారు.

ఇన్నేళ్ళు ఒకరి గది బయట కూర్చుని ఫైళ్ళు చూసినదాన్ని, ఈ వయసులో నిలబడి పాఠం చెబుతున్నాను. సంతోషంగా ఉంది, అబద్ధం చెప్పను. ఏడాది బాగా నడిస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తామని ప్రిన్సిపాలుగారు అన్నారు. అంటే ఇక్కడే ఉండిపోవాలి. చివరి పరీక్షలలోపు మాట చెప్పాలట. మీరేమంటారు?

పొద్దున్నే టీ పెడితే చెయ్యి దానంతటదే ఇద్దరికి నీళ్ళు పోస్తోంది. పారబోయబుద్ధి కాక మీ వాటా కూడా నేనే తాగేస్తున్నాను.

మీరూ ఒకసారి చేతులు మార్చి కట్టుకుని చూడండి. ఎలా ఉందో రాయండి.

మీ టీచరమ్మ


ఇల్లు, వంటగది బల్ల
అదే నెల

టీచరమ్మకు,

నాకు బోర్డు మీద నంబర్లు తప్ప రాయడం అలవాటు లేదు. తప్పులుంటే దిద్దుకో.

చేతులు మార్చి కట్టుకున్నాను. బాగాలేదు. డిపోలో డ్రైవర్లచేత కూడా కట్టించాను. ఒక్కడికీ సరిగా కుదరలేదు. మన మీసాలాయన మాత్రం, స్టీరింగు మీద ఏ చెయ్యి ఎక్కడుంటుందో అడిగితే నిద్రలో కూడా చెబుతాను గానీ ఖాళీగా ఉన్న చేతుల సంగతి నాకేం తెలుసు అన్నాడు. ఆయన చేతులు ఖాళీగా ఉండటం నేనూ ఎప్పుడూ చూడలేదు.

నీ పాఠం మా డిపోకే వచ్చేటట్టుంది. బోర్డు తీసేస్తారట. నువ్వు ఒకసారి చూశావు, గుర్తుందో లేదో. గోడంత చెక్క, దాని నిండా కొక్కేలు, ఒక్కో డ్రైవరుకూ కండక్టరుకూ నంబరు కొట్టిన ఒక్కో ఇత్తడి బిళ్ళ. రోజూ సాయంత్రం నేను ఏ బిళ్ళ ఏ బస్సు కింద తగిలిస్తే మర్నాడు ఆ మనిషి ఆ బస్సు ఎక్కుతాడు. ఇకమీదట కంప్యూటరే ఆ పని చేసి కాగితం ఇస్తుందట. నాకు రెండు రోజులు నేర్పారు. మౌసు నా చేతికి సబ్బుబిళ్ళలా జారుతోంది.

ఇంట్లో ఏమీ మారలేదు. నీ కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. నీ కప్పు బల్ల మీద నీ చోటులో బోర్లించి పెట్టాను. మా చెల్లి వచ్చినప్పుడల్లా దాన్ని లోపల పెట్టబోతుంది, నేను ఒప్పుకోను. దానికి కోపం వచ్చి నాకు వదినమ్మ పిచ్చి పట్టిందని వీధంతా చెబుతోంది.

పర్మనెంటు సంగతి అడిగావు. నీ ఇష్టం.

డిపో


స్టాఫ్ రూము, కిటికీ పక్క బల్ల
వానలు వెనకబట్టిన రోజులు

దొరగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీసాలాయన మాట క్లాసులో చెబితే అందరూ నవ్వారు. కప్పు సంగతి చదివి నేనొక్కదాన్నే నవ్వుకున్నాను, కళ్ళు కూడా తుడుచుకున్నాను. చివరి మాట దగ్గరకు వచ్చేసరికి ఒళ్ళు మండింది. ‘నీ ఇష్టం’ అంటే ఏమిటండీ? కూరలో ఉప్పు ఎంత వేయమంటారని అడిగానా? రమ్మంటే ఒక దారి, ఉండమంటే ఒక దారి. ఇష్టం నాకు వదిలేసి మీరు గట్టున కూర్చుంటే ఎలా?

సరే, పాఠం సంగతి రాస్తాను, కోపం తగ్గుతుంది.

ఈ వారం ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టాను. ఒక నిమిషం ఒకరినొకరు బాగా చూసుకోవాలి. తర్వాత వీపులు తిప్పుకుని, ఒంటి మీద ఉన్నవాటిలో అయిదు మార్చుకోవాలి. మళ్ళీ తిరిగి, ఎదుటివాళ్ళు ఏం మార్చారో కనిపెట్టాలి. అందరూ ఏం చేశారో తెలుసా? వాచీ తీశారు, కళ్ళజోడు తీశారు, పెన్ను తీశారు, బొత్తాం విప్పారు. ఒక్కరైనా కొత్తగా ఏదీ పెట్టుకోలేదు. పక్కవాళ్ళ దగ్గర కండువా అడిగి కప్పుకోవచ్చు కదా! మార్చుకోమంటే చాలు, పోగొట్టుకోమన్నట్టే వినబడుతుంది మనుషులకు. అయిపోయింది కూర్చోండి అన్నానో లేదో, క్షణంలో అందరి వాచీలూ ఎక్కడివక్కడికి చేరుకున్నాయి.

పెద్ద నర్సుగారు ఇంకో చిత్రం చేశారు. ఆవిడ ఏమీ మార్చుకోలేదు, ఊరికే తిరిగి నిలబడ్డారు. ఆమె జోడీ క్యాషియరుగారు మాత్రం టకటకా అయిదు మార్పులు చెప్పేశారు. చెవి పక్క మచ్చ కూడా ఇందాక లేదన్నారు. నిమిషంసేపు కళ్ళు పెట్టి చూసిన మనిషికి మచ్చ కనబడలేదు! అప్పటినుంచీ నన్ను ఒకటే ప్రశ్న తొలిచేస్తోంది. మిమ్మల్ని నేను బాగా చూశానా? మీ చేతుల్లో ఏది పైన ఉంటుందో ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత ఇదీ నా చదువు.

వచ్చే శని, ఆది, సోమవారాలు సెలవు. వస్తున్నాను. కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూడకండి, బస్సు మీదే, ఆలస్యమైతే తప్పూ మీదే.

ఇంకొకటి. మీ బోర్డును నా క్లాసులోకి తేవాలని ఉంది. అట్టముక్కలతో బిళ్ళలు చేసి డిపో ఆట ఆడించి, మధ్యలో బోర్డు తీసేసి కాగితం ఇస్తాను. ఏం జరుగుతుందో చూడాలి. బోర్డుకు రాసిన నియమాలు, రాయనివి, అన్నీ నాకు కావాలి. ఇన్నాళ్ళూ నేను అడగలేదు, మీరు చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మీ టీచరమ్మ


డిపో, గుమాస్తా గది
నువ్వు వచ్చి వెళ్ళిన తర్వాతి వారం

టీచరమ్మకు,

క్షేమంగా చేరావని చెల్లి చెప్పింది. ఇల్లంతా చక్కగా సర్ది వెళ్ళావు. అల్మారాలో ఎక్కడివక్కడ ఉన్నాయి. బల్ల మీద ఇప్పుడు ఏమీ లేదు, తుడుచుకోవడం తేలిక.

ఆ ఉద్యోగం తీసుకో. బాగా చెబుతున్నావని నీ ముఖం చూస్తేనే తెలిసింది. ఇక్కడ నాకు లోటేమీ లేదు. నా గురించి ఆలోచించకు.

బోర్డు నియమాలు అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోకూడదు, గుమాస్తా తప్ప. డబుల్ డ్యూటీ చేసినవాడి బిళ్ళ మర్నాడు పై వరసలో, అంటే తెల్లవారుజాము బస్సుల కింద, ఉండకూడదు. కొట్లాడుకున్న డ్రైవరునీ కండక్టరునీ వారం దాకా ఒక బస్సు కింద తగిలించకూడదు, ఆ తర్వాత తప్పకుండా తగిలించాలి. ఇవేవీ ఎక్కడా రాసిలేవు.

ఇంకొకటి ఉంది. సెలవు మీద వెళ్ళినవాడి బిళ్ళ బోర్డు మీంచి తీయం. బోర్డు అంచున ఎవరి కొక్కెం వాళ్ళకు ఉంటుంది, దానికే తిరగేసి తగిలిస్తాం, నంబరు గోడవైపు ఉండేటట్టు. మనిషి లేడు గానీ చోటు ఉంది అని దానర్థం. నెలలు గడిచినా ఆ కొక్కేనికి ఇంకో బిళ్ళ ఎక్కదు. తిరిగొచ్చిన రోజు ఎవడి బిళ్ళ వాడే తిప్పుకోవాలి, గుమాస్తా కూడా తిప్పకూడదు. ఉద్యోగం వదిలి వెళ్ళిపోయేవాడి బిళ్ళ మాత్రమే కొక్కెం నుంచి తీస్తాం.

మొన్న సోమవారం బోర్డు దించేశారు. గోడ మీద దాని మేర తెల్లగా ఉంది. మంగళవారం మీసాలాయన కంటి ఆపరేషను సెలవు అయిపోయి వచ్చాడు. కంప్యూటరు కాగితంలో ఆయన పేరు లేదు. సెలవులో ఉన్నవాళ్ళ పేర్లు అది చూపించదు, మేనేజరు సంతకం పెట్టాక మర్నాడు చూపిస్తుంది. ఒక్క రోజు సంగతే. నేను ఆయనకు చెబుతూనే ఉన్నాను. ఆయన ఆ తెల్లగోడ ముందు నిలబడి, ‘నన్ను తీసేశారన్నమాట’ అని ఇంటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులైంది, రావడం లేదు. డిపో అంతా ఆయన్ను చాదస్తం అంటోంది. నాకు ఆయన మీద కోపం రాలేదు.

నీ క్లాసుకు ఇవి పనికొస్తాయేమో చూసుకో.

డిపో


క్లాసు గది, అందరూ వెళ్ళిపోయాక
చలి మొదలైన వారం

ఏమండీ,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు.

మీ పోయిన ఉత్తరం చూసి ఇదేం మనిషి అనుకున్నాను. మూడు రోజులు ఇంట్లో ఉన్నాను, మొదటి రెండు రోజులూ నా వెంటే తిరిగారు. మూడో రోజు పొద్దున్నుంచీ ఉలుకూ పలుకూ లేదు. బస్టాండుకు వచ్చి, కిటికీ పక్కన నిలబడి, బస్సు కదిలేదాకా టైర్లు చూస్తూ ఉన్నారు. ఉద్యోగం తీసుకో అని మీరు రాసింది చదివి, సరే, నేను లేకపోయినా ఈయనకు బాగానే ఉందన్నమాట అనుకున్నాను. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. రేపు ప్రిన్సిపాలుగారికి ఉంటానని చెప్పేద్దామనుకున్నాను. సంతోషంతో కాదు, మీ మీద అలిగి.

ఇవాళ డిపో ఆట ఆడించాను. నల్లబల్ల నిండా మేకులు కొట్టించి, అట్ట బిళ్ళలు తగిలించాం. క్యాషియరుగారు గుమాస్తా. అందరూ ముచ్చటగా డ్యూటీలు ఎక్కి దిగారు. మీరు రాసిన నియమాలన్నీ చెప్పాను. పెద్ద నర్సుగారికి సెలవు ఇచ్చి, ఆవిడ బిళ్ళ తిరగేసి తగిలించి, ఆవిడను వరండాలో కూర్చోబెట్టాం. ఈలోగా నేను బోర్డు ఖాళీ చేసి, బిళ్ళలన్నీ పోగుచేసి డబ్బాలో సర్దేసి, గోడకు శుభ్రంగా ఒక కాగితం అంటించాను. పాఠం ప్రకారం మార్పు తెచ్చాను.

నర్సుగారు లోపలికి వచ్చి ఖాళీ మేకు ముందు నిలబడ్డారు. ఆట అని ఆవిడకు తెలుసు. అయినా ఆవిడ ముఖం మారిపోయింది. నావైపు తిరిగి మెల్లగా, ‘మేడం, నా బిళ్ళ మీరే తీశారా?’ అని అడిగారు.

ఆ క్షణంలో నాకు కనబడింది అట్టముక్క కాదు, నా కప్పు.

మూడో రోజు పొద్దున్న బల్ల తుడుస్తూ, దాన్ని ఎత్తి, కడిగి, ఆరబెట్టి, అల్మారాలో పైఅరలో పెట్టాను. వాడని కప్పు దుమ్ము పడుతుంది కదా అని. మీరు వాకిట్లో నిలబడి చూస్తున్నారు. నేను తలుపు వేసి చేతులు దులుపుకున్నాను కూడా. మీరేమో నేను నా బిళ్ళ నేనే కొక్కెం నుంచి తీసుకున్నాననుకున్నారు! వెళ్ళిపోతున్నానని, ఇక రానని, నోటితో చెప్పలేక అలా చెప్పాననుకున్నారు. అవునా, కాదా? కాదంటే నా మీద ఒట్టు.

ఆ కప్పు అలా ఎందుకు ఉందో నాకు తెలియదండీ. మీ బోర్డు మర్యాద నాకు తెలియదు. మీరు ఉత్తరంలో రాసినప్పుడు కూడా, పాపం ఒంటరిగా ఉండి ఏదో ముచ్చట పడుతున్నారనుకున్నానే తప్ప, నా చోటు ఎవరికీ ఇవ్వకుండా కాపలా కాస్తున్నారని అనుకోలేదు. మీరు ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. నేను ఒక్కసారి మీ ముఖం చూసి ఉన్నా అయిపోయేది. మీరు నీళ్ళు నమిలారు, నేను బల్ల తుడిచాను.

ఇప్పుడు నా మనసులో ఉన్నది రాసేస్తాను. నాకు ఈ పని కావాలి. ఈ క్లాసు గది కావాలి. మీరూ కావాలి. సాయంత్రం నాలుగింటికి ఇక్కడి వీధి చివర బస్సు ఆగుతుంది. దాని బ్రేకు శబ్దం వినగానే రోజూ తలెత్తుతాను, మీరు దిగుతారని కాదు, అలవాటు పడిన చెవులు అంతే. తలెత్తాక మాత్రం దిగినవాళ్ళందరినీ ఆఖరి మనిషి దాకా చూస్తాను. పర్మనెంటు గురించి మిమ్మల్ని అడిగింది అనుమతి కోసం కాదు. ‘నువ్వు లేకుండా నాకు కుదరడం లేదు’ అని మీ నోటి వెంట వినాలని. అది విన్నాక ఉండాలో రావాలో ఇద్దరం కలిసి తేల్చుకునేవాళ్ళం. మీరు ‘నీ ఇష్టం’ అని చేతులు దులుపుకున్నారు.

ముందు ఆ కప్పు తీసి ఎక్కడిదక్కడ బోర్లించండి. తర్వాత జవాబు రాయండి. ప్రిన్సిపాలుగారికి ఇంకా ఏమీ చెప్పలేదు.

మీ


ఇల్లు, వంటగది బల్ల
నీ ఉత్తరం అందిన వారం

టీచరమ్మకు,

ఒట్టు పెట్టావు కాబట్టి చెబుతున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

కప్పు తీశాను. పైఅరలో వెనకాల ఉంది, స్టూలు ఎక్కాల్సి వచ్చింది. బోర్లించాను. మా చెల్లి చూసి, మళ్ళీ మొదలైందా అని నెత్తి కొట్టుకుంది.

నువ్వు లేకుండా నాకు కుదరడం లేదు. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను. కూర వండితే తినడానికి నేనున్నాను, బాగాలేదని చెప్పడానికి ఎవరూ లేరు. ఏ గదిలోకి వెళ్ళినా ఇప్పుడే లేచి పక్క గదిలోకి వెళ్ళావన్నట్టు ఉంటుంది. పక్క గదిలోకి వెళితే అక్కడా అంతే. ‘నీ ఇష్టం’ అని రాసింది నీ మీద వదిలేయడానికి కాదు. రమ్మంటే, ఆ ఫైళ్ళ గది ముందుకే మళ్ళీ రమ్మన్నట్టు అవుతుంది. నువ్వు పాఠం గురించి రాసే రాతలో నేనెప్పుడూ చూడని మనిషి ఉంది. ఆ మనిషిని వెనక్కి రమ్మనడానికి నాకు నోరు రాలేదు.

రమ్మనలేకపోతే నేనే వెళ్ళాలి కదా. మీ కాలేజీకి రెండు వీధుల అవతల మా సంస్థదే ఇంకో డిపో ఉంది. దానికి బదిలీ అడుగుతూ వానాకాలంలోనే అర్జీ పెట్టాను. ఉత్తర్వు చేతికి వచ్చాక చెబుదామని దాచాను. నువ్వు వచ్చిన మూడు రోజుల్లో చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. మూడో రోజు పొద్దున్న చెబుదామనే వాకిట్లో నిలబడ్డాను. నువ్వు కప్పు లోపల పెట్టి తలుపు వేశావు. ఆ రోజు మధ్యాహ్నమే వెళ్ళి మేనేజరుతో నా అర్జీ ఆపమన్నాను.

నీ ఉత్తరం అందిన రోజునే దాన్ని జేబులో పెట్టుకుని మళ్ళీ ఆయన దగ్గరకు వెళ్ళాను. ఆపిన అర్జీ మళ్ళీ పంపమన్నాను. ఆయన సొరుగు లాగి, ఒక కాగితం నా ముందు పడేశాడు. బదిలీ ఉత్తర్వు! ఆపలేదట. ‘ఆ రోజు నీ ముఖం చూస్తే ఇంట్లో ఏదో మాట పట్టింపు అనిపించింది, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని పంపేశాను’ అన్నాడు. కంప్యూటరు తెచ్చి నా బోర్డు తీసేసిన మనిషి. ఆయన్ను ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను.

పరీక్షల ముందే చేరాలి. అక్కడ పెద్ద గుమాస్తాను కాదు, రెండో గుమాస్తాను. నాకంటే చిన్నవాడి కింద, కంప్యూటరు ముందు కూర్చోవాలి. మౌసు ఇంకా జారుతూనే ఉంది. చేతులు మార్చి కట్టుకోవడమే రానివాణ్ణి, నేర్పుతావా?

మీసాలాయన తిరిగొచ్చాడు. మేము వెళ్ళి తీసుకొచ్చాం. బోర్డు మొత్తం కుదరదు గానీ, సెలవులో ఉన్నవాళ్ళ కోసం విశ్రాంతి గది గోడకు ఒక వరస కొక్కేలు కొట్టించాను. నీ క్లాసు కథ చెబితే మేనేజరు ఒప్పుకున్నాడు. మీసాలాయన తన బిళ్ళ తనే తిప్పుకుని బస్సెక్కాడు.

మిగిలిన బిళ్ళలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు. గుమాస్తాకు బిళ్ళ ఉండదు, నాకు ఎప్పుడూ లేదు. వర్క్‌షాపు ఫిట్టరును అడిగితే ఖాళీది ఒకటి ఇచ్చి నంబరు ఏం కొట్టమంటావన్నాడు. నంబరు వద్దు, ఇంట్లో పిలిచే పేరు కొట్టమన్నాను. దొర అని కొట్టాడు. ఇప్పుడు డిపో అంతా నన్ను అలాగే పిలుస్తోంది, నీ పుణ్యమే.

ఈ కవర్లో పెట్టాను. నీ గదిలో ఎక్కడైనా తగిలించు. ఎలా తగిలించాలో నీకు తెలుసు.

దొర


మేడ మీద గది
ఉత్తరం అందిన నాలుగో రోజు

దొరగారికి,

ప్రిన్సిపాలుగారికి ఉంటానని చెప్పేశాను. ఈసారి అలిగి కాదు.

బిళ్ళ తలుపు పక్కన మేకుకు తగిలించాను, మీ పేరు గోడవైపు ఉండేటట్టు. కాలేజీకి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చూస్తున్నాను. దాని పక్కనే బల్ల మీద నిన్న కొన్న కప్పు ఒకటి బోర్లించి ఉంది. టీ ఇంకా ఇద్దరికే పెడుతున్నాను. మీ వాటా తాగడం మాత్రం మానేశాను, పారబోస్తున్నాను. తొందరగా రండి, పాలు దండగ.

నా కప్పు ఇక్కడికి తీసుకురాకండి. దాన్ని ఆ బల్ల మీదే ఉండనివ్వండి. బయలుదేరే రోజు మీ కప్పు కూడా కడిగి, దాని పక్కన బోర్లించి, అప్పుడు తాళం వేయండి. ఆ ఇంట్లో మనం సెలవులో ఉన్నట్టే. మీ చెల్లికి తాళం ఇచ్చేటప్పుడు మరీ మరీ చెప్పండి, బల్ల తుడిచినా కప్పులు ముట్టుకోవద్దని.

నిన్న పెద్ద నర్సుగారు పుస్తకం కోసం వచ్చి, బిళ్ళ చూసి, తిరగబడి ఉందని సరిచేయబోయారు. నేను ఎంత గట్టిగా చెయ్యి పట్టుకున్నానంటే ఆవిడ ఉలిక్కిపడ్డారు. తర్వాత గుర్తొచ్చింది కాబోలు, చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరు మేడం సెలవులో ఉన్నది అని అడిగారు. చెప్పాను.

ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. నేనూ ముట్టుకోవడం లేదు. మీరే వచ్చి తిప్పుకోండి.

మీ టీచరమ్మ